కాసాయి గట్టున కార్తీక భోజనం

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల తెలుగు కుటుంబాలకు ఏటా ఒకరోజు అడవి బాట పట్టడం తాతల నాటి అలవాటు. క్వార్టరు ఖాళీ చేయాల్సిన ఏడాది వస్తే ఆ ప్రయాణం కాస్త బరువెక్కుతుంది.

తెల్లవారుజామున అయిదింటికి మధురకాటి క్వార్టర్ల సందులోకి చోటా హాథీ ఒకటి వచ్చి ఆగుతుంది. టాటా వారి బుల్లి ట్రక్కుకు జనం పెట్టుకున్న ముద్దుపేరది. గంట తిరక్కుండానే దాన్నిండా సామాను చేరుతుంది. గ్యాస్ పొయ్యి, ఇత్తడి గుండిగ, రాత్రే కలిపి పెట్టిన పులిహోర, రెండు టార్పాలిన్లు, అరడజను దుప్పట్లు, పిల్లల స్వెట్టర్లు, అన్నిటి మీదా హైదరాబాద్ నుంచి మనవడు పట్టుకొచ్చిన కొత్త నైలాన్ గుడారం. "నిజం ఏనుగులు తిరిగే కాడికి సిన్నేనుగెక్కి ఎల్తన్నాం" అంటాడు ఇంటి పెద్దాయన. ఏటా అదే మాట. ఏటా అందరూ నవ్వుతారు.

ఇలాంటి కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో వీధికి నాలుగు దొరుకుతాయి కాబట్టి ఒకదాన్ని ఊహించుకోవడం కష్టమేమీ కాదు. ముత్తాత బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చి గ్యాంగుమన్‌గా చేరాడు. తాత వర్క్‌షాపులో ఫిట్టరు. తండ్రి లోకో షెడ్డులో టెక్నీషియను, వచ్చే మార్చి 31న పదవీ విరమణ. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. కూతురు ఇక్కడే కాలేజీలో చదువుతోంది. తాతతో తెలుగు, స్నేహితురాళ్లతో బెంగాలీ, కూరగాయల బండి దగ్గర హిందీ. మూడు భాషలూ ఒకే వాక్యంలో దొర్లినా ఆ ఇంట్లో ఎవరికీ వింతగా తోచదు.

ఈ ఊరికి తెలుగువాళ్లు ఎలా వచ్చారన్నది రైలుపట్టాల కథే. 1887లో ఏర్పడిన బీఎన్ఆర్ నాగపూర్ నుంచి కలకత్తా వైపు లైను వేసుకుంటూ వచ్చి, 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది మీద వంతెన కట్టింది. తూర్పు తీరం వెంబడి 1890లలో వేసిన లైను ఉత్తర భాగం కూడా తర్వాత దాని చేతికే వచ్చింది. రెండు దారులూ కలిసే అడవి ప్రాంతంలో జంక్షను వెలిసింది, దాని పక్కన వర్క్‌షాపు, దాని చుట్టూ కాలనీలు. మనుషులు కావాలి. వానమీద ఆధారపడ్డ ఉత్తరాంధ్ర పల్లెలకు రైలు నేరుగా ఉంది. అన్న వెళ్లాక తమ్ముడు, తమ్ముడి వెంట బావమరిది. మధురకాటి, నింపురా లాంటి చోట్ల తెలుగు వినపడని వీధి లేని పరిస్థితి అలా వచ్చింది. 1920లలో ఈ లైను కార్మికుల సమ్మెలకు ముందు నిలిచిన నాయకుల్లో బరంపురం తెలుగువాడు వి.వి.గిరి ఒకరు. 1969లో ఆయన రాష్ట్రపతి అయినప్పుడు అది ఖరగ్‌పూర్ క్వార్టర్లకు సొంతింటి కబురే అయి ఉంటుంది. 1955లో ఈ మార్గాలతో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. బోర్డులు మారాయి గానీ మనుషులు మారలేదు. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి బెంగాల్ మంత్రివర్గం ఆమోదించింది. ఎన్నికల ముందు నిర్ణయమని గిట్టనివాళ్లు అన్నారు. కావచ్చు. దానికి కారణమైన ఓటర్లు మాత్రం శతాబ్దం కిందటి నుంచీ ఇక్కడే ఉన్నారు.

బయటి ప్రపంచానికి ఖరగ్‌పూర్ అంటే రెండే గుర్తులు. ఒకటి ఐఐటీ, రెండోది ప్లాట్‌ఫారం. 1,072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని వెనక్కి నెట్టాయి. "క్యాంపు" అన్నా ఇక్కడి పాతవాళ్లకు గుడారాలు గుర్తుకు రావు. 1930లో తెరిచిన హిజ్లీ నిర్బంధ శిబిరం గుర్తొస్తుంది. 1931 సెప్టెంబరు 16న అక్కడ కాల్పుల్లో ఇద్దరు రాజకీయ ఖైదీలు చనిపోతే కలకత్తాలో రవీంద్రుడే నిరసన సభలో మాట్లాడారు. అదే భవనంలో 1951లో తొలి ఐఐటీ మొదలైంది.

అడవికి వెళ్లి అన్నం వండుకోవడం అనే ఈ పనికి తెలుగులో వనభోజనం అని పేరు. బెంగాలీలోనూ పేరు అదే, పలకడంలో మాత్రం బొనొభోజొన్. పిచ్చుకల విందు అనే అర్థం వచ్చేలా చొడుయ్‌భాతి అని ఇంకో ముద్దుమాట కూడా ఉంది. పేరు ఒకటైనంత మాత్రాన విందు ఒకటి కాదు. తెలుగు వనభోజనం కార్తీకంలో, ఉసిరి చెట్టు కింద, ఉల్లిపాయ కూడా వద్దనే పెద్దల కాపలాలో జరుగుతుంది. బెంగాలీది క్రిస్మస్ సెలవుల నుంచి జనవరి దాకా, చలి బాగా ముదిరాక, మాంసం కూర ఘుమఘుమల మధ్య. పక్క క్వార్టరు బెంగాలీ కుటుంబం తోడు వస్తానంటే ఏం చేయాలి? ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లు దీనికి చక్కటి పరిష్కారం కనిపెట్టాయి. కార్తీకం చివరి ఆదివారం పప్పు, పులిహోర, పరమాన్నం. జనవరిలో మేక మాంసం. రెంటికీ ఇరు కుటుంబాలూ హాజరు. మతసామరస్యం, భాషా సామరస్యం లాంటి పెద్ద మాటలు ఎవరూ వాడరు. రెండు విందులు ఎవరికి చేదు?

చోటా హాథీ ఉత్తరంగా మిడ్నపూర్ దారి పడుతుంది. రెండు ఊళ్ల మధ్యా పది, పన్నెండు కిలోమీటర్ల దూరం. మధ్యలో నది. పురూలియా జిల్లా ఝాల్దా దగ్గర కొండల్లో పుట్టి 465 కిలోమీటర్లు ప్రవహించే కంసావతి. వాడుకలో కాసాయి. కొత్తగా వచ్చిన తెలుగు చుట్టాలు ఈ పేరు విని ఒకసారి ఉలిక్కిపడతారు, నదికి కసాయి అని పేరేమిటని. వర్షాకాలంలో ఒడ్డు పల్లెలకు ఆ అర్థమే సరిపోతుందని పెద్దాయన జవాబు. కార్తీకం నాటికి మాత్రం నీళ్లు ఒక పాయగా తగ్గి, మిగతా వెడల్పంతా ఇసుక పరుచుకుని ఉంటుంది. అచ్చం నాగావళిలాగే.

వంతెనకు దగ్గర్లోనే నదికి అడ్డంగా పాత కట్ట ఉంది. స్థానికులు దాన్ని 'అనికట్' అంటారు. ఆ మాట మన ఆనకట్టకు దగ్గరి చుట్టమే. దక్షిణాది భాషల మాట ఇంగ్లిష్ ఇంజనీర్ల నోట పడి బెంగాల్ చేరింది. ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) విజయం చూశాక, మహానది మీదా అలాంటివి కట్టొచ్చని 1858లో కటక్ వెళ్లి వచ్చిన ఆర్థర్ కాటన్ నివేదించారు. ఆ ఊపులో పుట్టిన ఈస్టిండియా ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఒరిస్సా కాలువలతో పాటు మిడ్నపూర్ కాలువ కూడా తలకెత్తుకుంది. కాసాయి నీళ్లను హుగ్లీ ఒడ్డున ఉలుబేడియా దాకా పారించాలన్నది పథకం. డబ్బు చాలక 1860ల చివర్లో కంపెనీ చేతులెత్తేస్తే ప్రభుత్వం కొనుక్కుని పూర్తి చేసింది. గోదావరి జిల్లాల్లో విగ్రహాలున్న కాటన్ దొరకు ఇక్కడ విగ్రహమూ లేదు, పేరూ లేదు. ఒక్క మాట మాత్రం మిగిలింది.

వంతెన దాటి మిడ్నపూర్ ఊరికి పడమటి వైపు తిరిగితే గోప్‌గఢ్. నది మీదికి చూసే ఎత్తయిన ఎర్రమట్టి గట్టు, శిథిలాలు, అటవీ శాఖ పెంచిన ఉద్యానం, రాత్రి ఉండేందుకు కాటేజీలు. ఇక్కడి జనం నమ్మకం ప్రకారం ఇది విరాట రాజు గోశాల ఉన్న చోటు, దక్షిణ గోగృహం. తిక్కన విరాటపర్వం చదివినవాళ్లకు దక్షిణ గోగ్రహణం అనగానే ఏమిటో చెప్పక్కర్లేదు. ఖరగ్‌పూర్‌లోని ఇందా ప్రాంతంలో హిడింబేశ్వరి గుడి ఉంది. ఊరు వెలిసిన నేల ఒకప్పటి హిడింబ వనమని ఐతిహ్యం. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు. మత్స్యదేశం రాజస్థాన్ వైపు ఉందని వాళ్ల లెక్క. పాండవులు నడవని ఊరు దేశంలో ఎక్కడుంది గనక? అయినా అజ్ఞాతవాసం పూర్తయిన చోట వనభోజనానికి కూర్చోవడం బాగానే ఉంటుంది. అమ్మమ్మలకు కథ చెప్పే పని తేలికవుతుంది.

ఉసిరి చెట్టు వెతకడం మొదటి పని. సాల వృక్షాల అడవిలో ఉసిరి అరుదేమీ కాదు. దొరక్కపోతే కొమ్మ తెచ్చి పాతిపెట్టి పూజ కానిచ్చే ఏర్పాటూ ఉంది. దీపం, నాలుగు అక్షింతలు, కార్తీక పురాణం నుంచి ఒక అధ్యాయం. తాత చదువుతాడు. తండ్రి కూడబలుక్కుంటూ చదవగలడు. మనవరాలికి తెలుగు అక్షరాలు రావు. ఈ తేడా ఏటా ఈ చెట్టు కిందే బయటపడుతుంది, ఏటా "ఈ వేసవిలో నేర్పించాలి" అని తీర్మానం అవుతుంది. తీర్మానం ఇంకా అమల్లోకి రాలేదు. ఖరగ్‌పూర్‌లో తెలుగు బడులు ఉన్నా, ఉద్యోగాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయన్నది తల్లిదండ్రుల వాదన. దాన్ని తోసిపుచ్చడం కష్టమే.

భోజనం సాలాకు విస్తళ్లలో. ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసుల మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. ఇక్కడ ఆ నిషేధం కన్నా ముందే అడవి పల్లెల ఆడవాళ్లు కుట్టే సాలాకులు చవగ్గా దొరికేవి. నాయనమ్మ వాటిని అడ్డాకులనే అంటుంది. ఉత్తరాంధ్ర మన్యంలో విస్తళ్లు కుట్టే అడ్డాకు వేరు, అది తీగ. ఇది మాను. ఎవరు సరిదిద్దినా ఆవిడ ఒప్పుకోదు. వేడన్నం పడగానే వచ్చే వాసన ఒకటేనంటుంది. పిక్నిక్ రోజుల్లో నది ఒడ్డున కూడే జనమంతా ఆవిడలాంటివాళ్లు కారు. సౌండ్ బాక్సులు, నీళ్ల సీసాలు, ఇసుకలో వదిలేసిన ఎంగిలి సంచులు జనవరి ఒకటి నాటి కాసాయి గట్టును చూడలేని స్థితికి తెస్తాయి. సాలాకు విస్తరైతే ఆవు తినేస్తుంది. ప్లాస్టిక్ పళ్లేన్నీ అలాగే నములుతుంది, తేడా దాని కడుపులో తేలుతుంది.

ఈ అడవి ఇంకా ఉండడమే ఒక విశేషం. 1970ల మొదట్లో మిడ్నపూర్ సాల అడవులు మొండి దుబ్బులుగా మిగిలాయి. వంటచెరకు కోసం జనం, కలప కోసం దొంగలు పోటీపడి నరికారు. మిడ్నపూర్‌కు ఉత్తరంగా ఉన్న ఆరాబారీలో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి 1972లో ఒక ప్రయోగం చేశారు. కాపలా మీరు కాయండి, రాబడిలో నాలుగో వంతు మీది అని పదకొండు ఊళ్లకు చెప్పారు. 618 కుటుంబాలు, 1,272 హెక్టార్లు. సాలకు ఒక మంచి గుణం ఉంది. నరికిన మొదలు నుంచే మళ్లీ చిగురిస్తుంది. మేకలూ గొడ్డళ్లూ దూరంగా ఉంటే చాలు. దశాబ్దం గడిచేసరికి దుబ్బులు అడవయ్యాయి. దేశమంతా అమలైన ఉమ్మడి అటవీ యాజమాన్యానికి, ఆంధ్రప్రదేశ్‌లో 1990లలో ఏర్పడిన వన సంరక్షణ సమితులకూ మూలం ఇక్కడే ఉంది. చెట్టు కింద కూర్చుని పులిహోర తినేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో గానీ, తెలిస్తే బహుశా ఎంగిలాకులు జాగ్రత్తగా పారేస్తారు.

అడవి తిరిగి రావడంతో ఏనుగులూ వచ్చాయి. 1980ల చివరి నుంచి జార్ఖండ్ దల్మా కొండల మంద చలికాలం ముందు ఇటు దిగి, వరి కోతల వేళ పొలాల మీద పడడం మొదలైంది. వందకు పైగా ఏనుగులు వచ్చిన ఏళ్లున్నాయి. కొన్ని ఇక తిరిగి వెళ్లడమే మానేశాయి. వాటిని తరమడానికి 'హులా పార్టీ' అనే బృందాలు కాగడాలతో దిగుతాయి. కాల్చిన ఇనుప చువ్వల వాడకాన్ని సుప్రీంకోర్టు 2018లోనే ఆపమంది. అయినా 2024 ఆగస్టులో ఝార్‌గ్రామ్‌లో అలాంటి చువ్వ దిగి ఒక ఆడ ఏనుగు చనిపోయింది. పంట పోగొట్టుకునే రైతుదీ, దారి మూసుకుపోయిన ఏనుగుదీ ఒకే బాధ. సరదాకు వచ్చినవాళ్లు ఎటు పక్షమూ వహించలేరు. చేయగలిగిందల్లా చీకటి పడ్డాక అడవి దారిలో బండి నడపకపోవడం.

గోప్‌గఢ్ ఊరికి ఆనుకునే ఉంటుంది కనుక భయం తక్కువ. పెద్దాయన వయసులో ఉన్నప్పుడు బృందాలు పడమటి వైపు, ఝార్‌గ్రామ్ దాకా పోయేవి. ఖరగ్‌పూర్ నుంచి లోకల్‌లో గంట లోపు. చిల్కీగఢ్‌లో డులుంగ్ వాగు ఒడ్డున కనకదుర్గ గుడి. బెజవాడ అమ్మవారి పేరే కావడంతో తెలుగువాళ్లకు అదొక ఆకర్షణ. 2008 తర్వాత ఆ దారి మూతపడింది. లాల్‌గఢ్ ఆందోళన, మావోయిస్టుల దాడులు, బలగాల మోహరింపు. 2010 మే 28 అర్ధరాత్రి దాటాక ఖేమాశోలి, సర్దిహా స్టేషన్ల మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, ఎదురొచ్చిన గూడ్సు ఢీకొని దాదాపు 150 మంది చనిపోయారు. సహాయక రైళ్లు వెళ్లింది ఖరగ్‌పూర్ నుంచే. ఆ రోజు డ్యూటీలో ఉన్న లోకో షెడ్డు, క్యారేజి విభాగాల వాళ్లు ఆ కబుర్లు ఇంట్లో చెప్పరు. ఆ తర్వాత చాలా నెలలు ఆ మార్గంలో రాత్రి రైళ్లు నడవలేదు. 2011 నవంబరు 24న పెద్దపల్లికి చెందిన మావోయిస్టు నేత మల్లోజుల కోటేశ్వరరావు అలియాస్ కిషన్‌జీ ఆ అడవుల్లోనే బలగాల కాల్పుల్లో మరణించాడు. తెలుగు గడ్డ నుంచి ఈ అడవికి వచ్చిన దారులు రైలుపట్టాలొక్కటే కాదన్నమాట. ఇప్పుడు ఝార్‌గ్రామ్ 2017లో ప్రత్యేక జిల్లా అయింది, సెలవుల్లో గదులు దొరకడం కష్టం. పెద్దాయన మాత్రం అటు వద్దనే అంటాడు. ఎందుకంటే చెప్పడు.

మధ్యాహ్నం తిన్నాక టార్పాలిన్ మీద నడుం వాల్చినప్పుడు అసలు మాట బయటికి వస్తుంది. మార్చి తర్వాత ఎక్కడ? రైల్వే క్వార్టరు పదవీ విరమణ చేసిన కొద్ది నెలలకు అప్పగించాలి. మూడు తరాలు ఒకే రకం ఇటుక గోడల మధ్య పెరిగాయి. ముందు జామ చెట్టు, వెనక సొంతంగా వేసుకున్న రేకుల వంటిల్లు. అదేదీ తమది కాదని ఆ కాగితం గుర్తు చేస్తుంది. మాలంచా వైపు రెండు కట్టల స్థలం కొనుక్కోవచ్చు. ఆమదాలవలస దగ్గరి ఊళ్లో వాటాగా వచ్చిన పెంకుటిల్లు బాగు చేయించుకోవచ్చు. హైదరాబాద్ వచ్చేయమని కొడుకు. "అక్కడ నాకు ఎవరు తెలుసురా?" అని తండ్రి. "ఊళ్లో మాత్రం ఎవరు తెలుసు నాన్నా? పెళ్లిళ్లకు తప్ప వెళ్లామా?" అని కూతురు. ఆమెకు ఖరగ్‌పూర్ వదలాలని లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలుగు వీధులన్నీ అమ్మవారి ఘటాలతో నిండే మాతా పూజలు ఆ పల్లెలో కూడా ఇలా జరగవని ఆమె వాదన. శ్రీకాకుళంలో తాము బెంగాల్ వాళ్లు, బెంగాల్లో తెలుగువాళ్లు. ఖరగ్‌పూర్‌లో మాత్రమే ఏ వివరణా ఇవ్వక్కర్లేదు. నాయనమ్మ ఏమీ అనదు. ఉసిరికాయలు ఏరి కొంగులో కట్టుకుంటుంది.

సాయంత్రానికి గుడారం వంతు. అనుమతి లేకుండా అటవీ స్థలంలో గుడారం వేయడానికి వీల్లేదని కాపలాదారు అడ్డం పడతాడు. పొయ్యి కూడా చెప్పిన చోటే వెలిగించాలి, ఎండుటాకుల్లో నిప్పురవ్వ పడితే ఆరాబారీ కష్టమంతా బూడిద. ఆయన చెప్పింది సబబే. మనవడు బతిమాలుతాడు, ఫోన్‌లో వీడియోలు చూపిస్తాడు. చివరికి రాజీ కుదిరి, నాలుగు వేలు పోసి కొన్న గుడారం కాటేజీ వరండాలో, సిమెంటు గచ్చు మీద, దోమల చక్రం పక్కన నిలబడుతుంది. మేకులు దిగవు కనుక నాలుగు మూలలా నాలుగు ఇటుకలు. "ఇంతోటి దానికి క్వార్టరు వరండా ఏం తక్కువ?" అని తండ్రి అంటే అందరికన్నా ముందు నవ్వింది మనవడే.

రాత్రి చలి పెరిగాక నది వైపు నుంచి రైలు చప్పుడు వినిపిస్తుంది. కాసాయి వంతెన మీద బండి ఎక్కగానే శబ్దం మారుతుంది, మట్టికట్ట మీది దడదడ కాస్తా ఇనుప మోత అవుతుంది. పెద్దాయన దుప్పట్లోంచే చెబుతాడు, ఇది గూడ్సు, ఖాళీ వ్యాగన్లు. కాసేపటికి ఇంకోటి, ఇది ఆద్రా వైపు పోయే పాసింజరు, ఆలస్యం. మనవడు ఫోన్ తీసి చూస్తాడు. సరిగ్గానే చెప్పాడు. ఆలస్యం ఇరవై రెండు నిమిషాలు.

పొద్దున్నే సామాను మళ్లీ చోటా హాథీ ఎక్కుతుంది. వంతెన మీద బండి ఆపించి నాయనమ్మ రూపాయి బిళ్ల నదిలోకి విసురుతుంది. గోదావరి మీద రైల్లో వెళ్తూ వేసినట్టే. మనవడు వెనక కూర్చుని వచ్చే కార్తీకానికి కాటేజీ ఖాళీ ఉందో లేదో ఫోన్‌లో వెతుకుతున్నాడు. ఎంతమందికి, ఎన్ని గదులని అడుగుతాడు.

"అప్పుడే ఏటి తొందర?" అంటాడు తండ్రి. "ముందు ఎక్కణ్నుంచి బయల్దేరాలో తేలనీ."